థ్యాంక్యూ చెప్పి ఊరుకున్న వెబ్‌సైట్

మా నాన్న ఏలూరులో తివాచీలు నేయించేవారు. ఇంట్లో ఆయన్ని మేం పిలిచేది అబ్బా అని. చిన్నప్పుడు బళ్ళో "మా అబ్బా" అంటూ నేనేదో చెప్పబోతే, దెబ్బేమైనా తగిలిందా అని పక్కపిల్ల కంగారు పడేది. అందుకే బయట నాన్న అనడం అలవాటైంది. ఇక్కడా అలాగే రాస్తాను.

ఇంటి ముందు గదే కొట్టు. వెనక పొడవాటి రేకుల షెడ్డు, అందులో నిలువు మగ్గాలు. మగ్గం ముందు బల్ల మీద మా పేట ఆడవాళ్ళు వరసగా కూర్చుని, ఉన్నిదారాన్ని నిలువుగా బిగించిన పడుగు దారాలకి చుట్టి ముడి బిగించి, కత్తితో టక్కున కోసి, వెంటనే ఇంకో ముడి అందుకునేవారు. కబుర్లు ఆగేవి కావు, చేతులూ ఆగేవి కావు. అమ్మ కూడా వాళ్ళతో కూర్చునేదిగానీ, ఆవిడ అసలు పని డిజైన్లు. గళ్ళ కాగితం మీద పువ్వులూ తీగలూ గీసి, గడి గడికీ రంగు నింపేది. ఒక గడి అంటే మగ్గం మీద ఒక ముడి.

డిగ్రీ అయ్యాక నేను తాడేపల్లిగూడెంలో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరాను. పొద్దున పాసింజర్లో వెళ్ళి, సాయంత్రం పాసింజర్లో తిరిగొచ్చేదాన్ని. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయిన రోజులవి. మా ఊళ్ళో ఇంటర్నెట్ అంటే ఇంకా నెట్ సెంటర్లో గంట లెక్కన కూర్చుని చూసుకునేదే.

అదివరకు మా సరుకు పెద్ద ఊళ్ళ వ్యాపారులు తీసుకెళ్ళేవారు. మిషన్ మీద చేసిన తివాచీలు వచ్చేసరికి వాళ్ళ రాక పలచబడింది. షెడ్డు చివర మగ్గాలు కొన్ని ఖాళీగా ఉండిపోయాయి. ఆ సమయంలోనే ఒక పెళ్ళిలో ఎవరో బంధువు, "వెబ్‌సైట్ పెట్టించండి. ఇక మీరెవరి దగ్గరికీ వెళ్ళక్కర్లేదు, వాళ్ళే మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తారు" అన్నాడట. ఆ మాట నాన్న మనసులో నాటుకుపోయింది. నాకు చెప్పకుండా, హైదరాబాదులో పని నేర్చుకొచ్చిన తెలిసినాయన చేత సైట్ చేయించేశారు. కంప్యూటర్ చదువుకున్న కూతురిని ఆశ్చర్యపరుద్దామని.

నిజంగానే ఆశ్చర్యపోయాను. తెరంతా నలుపు. నడిమధ్య ఒక గులాబీ మొగ్గ మెల్లగా విచ్చుకునేది. అది పూర్తిగా విచ్చుకునేదాకా లోపలికి వెళ్ళడానికి లేదు. వెళ్ళగానే సన్నాయి మోగేది. తివాచీ బొమ్మ ఒకటి గిరగిరా తిరుగుతుంటే, దాని కింద బంగారు రంగు అక్షరాలు "ప్రపంచ ప్రసిద్ధి" అంటూ ఇంగ్లీషులో కుడి నుంచి ఎడమకి పరుగెత్తేవి. ఒక మూల తాతయ్య ఫొటో. అడుగున ఎంతమంది చూశారో చెప్పే అంకె ఒకటి.

నాన్న ఆనందం అంతా ఇంతా కాదు. కొట్టు బోర్డు మీద వెబ్‌సైట్ అడ్రసు రాయించారు. స్కూటర్ వెనకా రాయించారు. పాలు పోసే ఆయన్ని కూడా "ఏవండీ, మా వెబ్‌సైట్ చూశారా?" అని అడిగేవారు. రోజూ సాయంత్రం నమాజు అయ్యాక నెట్ సెంటర్‌కి వెళ్ళి, అడుగునున్న ఆ అంకె చూసుకుని మురిసిపోతూ ఇంటికొచ్చేవారు.

"ఇవాళ ఇంకొంతమంది వచ్చారమ్మా. నేను చూస్తుండగానే పెరిగింది!"

ఆయన పేజీని తెరిచినప్పుడల్లా ఆ అంకె ఒకటి పెరుగుతోందని నాకు మొదటి రోజే తెలిసింది. చెప్పడానికి నోరు రాలేదు. అమ్మ దగ్గర గొణిగితే, అన్నాలప్పుడు అమ్మ మెత్తగా చెప్పేసింది.

"ఏవండీ, ఆ వచ్చినవాళ్ళందరూ మీరేనంట."

నాన్న ముద్ద పక్కన పెట్టి, "నేనొక్కణ్ణే అన్నిసార్లు చూశానంటే, బాగున్నట్టేగా!" అన్నారు.

నవ్వుకున్నాంగానీ, నెలలు గడిచినా వెబ్‌సైట్ చూసి రాసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఫోన్ చేసినవాళ్ళూ లేరు. నాన్న నెట్ సెంటర్‌కి వెళ్ళడం తగ్గించారు. "చేతి పని ఇప్పుడెవరిక్కావాలిలే" అనడం మొదలుపెట్టారు. ఆ మాట ఆయన నోట అదివరకెప్పుడూ వినలేదు.

చలికాలంలో ఒక ఆదివారం మా కొట్టు ముందు కారు ఆగింది. భార్యాభర్తలు దిగారు, ఇద్దరికీ యాభై దాటి ఉంటాయి. చెప్పుల నిండా బురద, ఆయన మెళ్ళో బైనాక్యులర్స్. తెల్లారకుండానే కొల్లేరు వెళ్ళి గూడబాతుల్ని చూసి వస్తున్నారట. ఆవిడ విశాఖపట్నంలో ఒక స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్. బోర్డు వైపు చూసి, "వెబ్‌సైట్ ఉన్న తివాచీల కొట్టు ఇదేనాండీ?" అని అడిగారు.

నాన్న ముఖం వెలిగిపోయింది. "ఇదేనండీ, ఇదేనండీ! చూశారా?"

"చూడ్డమేంటండీ, రెండుసార్లు రాశాను కూడా. అడిగినవన్నీ నింపి పంపిస్తే, థ్యాంక్యూ అని వచ్చింది. అంతే. ఆ తర్వాత మీ దగ్గర్నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు."

నాన్న నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను.

"మాకేం అందలేదండీ" అన్నారు నాన్న. గొంతు బాగా తగ్గిపోయింది.

"అయ్యో, కోపంతో అనట్లేదండీ. కొల్లేటి దాకా వచ్చాం కదా, ఒకసారి చూసి పోదామని ఆగాం."

అమ్మ టీ పెట్టింది. ఆవిడ చాలాసేపు తివాచీలు చూసి, నీలం రంగుదొకటి తీసుకుని సంతోషంగానే వెళ్ళారు. మామూలుగానైతే ఆ రోజు మా ఇంట్లో పండగే. కానీ నాన్న కొట్లో నుంచి లేవలేదు. అమ్మ భోజనానికి పిలిస్తే, "గుమ్మంలో నిలబడి పిలిస్తే పలకని ఇల్లయిపోయిందా మనది?" అన్నారు. అమ్మకం పోవడం కాదు ఆయన్ని బాధపెట్టింది. ఎదుటి మనిషికి జవాబు చెప్పకపోవడమనేది ఆయన లెక్కలో పెద్ద అమర్యాద.

మర్నాడు గూడెంలో నా క్లాసు అవగానే సైట్ లోపలి కోడ్ తెరిచి చూశాను. ఆ ఫారంలో పేరు, కంపెనీ, హోదా, ఫ్యాక్స్ నెంబరు, ఇలా ఎన్నో గళ్ళు. అన్నీ ఓపిగ్గా నింపి బటన్ నొక్కితే థ్యాంక్యూ అనే పేజీ వస్తుంది. రాసింది మాత్రం ఎక్కడికీ వెళ్ళదు. ఎక్కడికి పంపాలో చెప్పాల్సిన చోట ఖాళీ. తర్వాత పెడదామనుకుని సైట్ చేసినాయన మర్చిపోయినట్టున్నాడు. ఇన్నాళ్ళూ మా వెబ్‌సైట్ వచ్చినవాళ్ళ నుంచి కాగితం తీసుకుని, నవ్వుతూ థ్యాంక్యూ చెప్పి, గాలికి వదిలేసిందన్నమాట. ఎంతమంది రాశారో, ఏమడిగారో తెలుసుకునే దారే లేదు. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చినంత పనైంది.

ఇంటికొచ్చి చెబితే నాన్న ఎవర్నీ ఏమీ అనలేదు. అయితే ఆయన ముఖంలో ఏదో వెలుతురు కనిపించింది.

"అంటే జనం రాశారన్నమాట. మన సరుకు కావాలనే రాశారన్నమాట!" అని లేచి నిలబడ్డారు. "కొత్తది నువ్వు చెయ్యమ్మా. నీ చేతిలో విద్యేగా."

ఏ రంగులు పెట్టాలి, ఏ బటన్ ఎక్కడుండాలి అని నేను బుర్ర బద్దలు కొట్టుకుంటుంటే, అమ్మ ఉన్ని ఉండలు చుడుతూ అడిగింది, "కొట్లోకి వచ్చినవాళ్ళు ముందేం అడుగుతారే? అదే ముందు పెట్టకూడదూ?"

అందుకని తర్వాతి ఆదివారం కొట్లో ఒక మూల కూర్చుని విన్నాను. ఒకావిడ రంగు దిగుతుందేమోనని తడి రుమాలుతో రుద్ది చూసింది. ఇంకొకాయన తన హాలు కొలత చెప్పి, దానికి సరిపడా నేస్తారా, ఎన్నాళ్ళు పడుతుంది అన్నాడు. ఎలా శుభ్రం చేసుకోవాలన్నది అందరూ అడిగారు. రాజమండ్రి పంపుతారా అని ఒకరు ఫోన్ చేశారు. మీరు ప్రపంచ ప్రసిద్ధులేనా అని మాత్రం పొద్దుపోయేదాకా ఒక్కరూ అడగలేదు.

సన్నాయి దగ్గర నాకూ నాన్నకీ పెద్ద వాదనే జరిగింది.

"పెళ్ళివారింట్లో అడుగుపెట్టినట్టుంటుందమ్మా. ఉండనీ."

"అబ్బా, ఎవరో ఆఫీసులో కూర్చుని దొంగచాటుగా మన తివాచీలు చూస్తున్నారనుకోండి. ఒక్కసారిగా సన్నాయి మోగితే వాళ్ళ ఆఫీసరు ఏమంటాడు?"

ఆ దృశ్యం ఊహించుకుని నాన్న పడీపడీ నవ్వారు. సన్నాయి పోయింది, గులాబీ పోయింది. తాతయ్య ఫొటో మాత్రం తీయనివ్వలేదు. అప్పుడు మేం మగ్గాల చరిత్ర చెప్పే పేజీలో ఆయన్ని కూర్చోబెట్టాం. అక్కడాయన బాగా నప్పారు.

మా సెంటర్ సారు దగ్గర డిజిటల్ కెమెరా అడిగి తెచ్చాను. మేడ మీద తివాచీలు పరిచి ఫొటోలు తీసి చూపిస్తే, అమ్మ పెదవి విరిచింది. "ఇది హాల్లో పరుచుకునేదో, చేతిరుమాలో ఎలా తెలుస్తుందే?" పక్కింటి పెద్దావిడని పిలిచి, తివాచీ మీద కూర్చోబెట్టి, చేతికి టీ గ్లాసు ఇచ్చింది. ఆ ఒక్క మనిషితో తివాచీకి కొలతా వచ్చింది, ఇంటి కళా వచ్చింది. నేతవాళ్ళని కూడా తీద్దామంటే సిగ్గుతో ముఖాలు తిప్పుకున్నారు. సరేనని చేతులు మాత్రం తీశాను. ఉన్నిదారం, కత్తి, గాజులు, ముడి వేస్తున్న వేళ్ళు. అన్నిటిలోకీ అదే బాగా వచ్చింది. మొదటి పేజీలో పెట్టాను.

వెతికేవాళ్ళకి దొరకాలంటే వాళ్ళు టైపు చేసే మాటలు మన పేజీలో ఉండాలని మా క్లాసులో చెప్పేదాన్ని. మా ఊరిపేరు ఇంగ్లీషులో రకరకాలుగా రాస్తారు. దొరల కాలంలో దాన్ని ఎల్లోర్ అనేవారనీ, పాత విదేశీ వ్యాపారులకి ఆ పేరే తెలుసనీ నాన్న గుర్తు చేశారు. రెండు పేర్లూ పెట్టాం. ఉత్త తివాచీలు అనకుండా చేత్తో నేసిన ఉన్ని తివాచీలు అన్నాం. ఫోన్ నెంబరు ప్రతి పేజీ పైనా పెద్దగా వేశాం. ఫారంలో హోదా, ఫ్యాక్స్ అన్నీ కొట్టేసి, పేరు, జవాబు ఎక్కడికి పంపాలో, ఏం కావాలో అడిగి వదిలేశాం. దాని కింద ఒక వాక్యం నాన్నది: "మీరు రాసిన రోజునే జవాబిస్తాము." ఆ మాట తీయడానికి వీల్లేదన్నారు.

సైట్ ఎక్కించిన రోజున, ఫారం పనిచేస్తోందో లేదో చూడటానికి గూడెం నుంచి నేనే ఒకటి నింపి పంపాను. పెంటపాడు నుంచి రాస్తున్నాననీ, కాలవ వైపు కిటికీ ఉన్న గదిలోకి లేత ఆకుపచ్చ మీద చిన్న తెల్లపూలున్న తివాచీ కావాలనీ రాశాను. అలాంటి గదీ, అలాంటి తివాచీ కావాలని చిన్నప్పటి నుంచీ అమ్మతో అంటూనే ఉండేదాన్ని. ఇంట్లో చెప్పాలన్న సంగతి పాఠాల హడావిడిలో పడి మర్చిపోయాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి షెడ్డులో అందరి చేతుల్లో జిలేబీ.

"వచ్చిందమ్మా! పెంటపాడు నుంచి!" నాన్న నెట్ సెంటర్లో ప్రింటు తీయించిన కాగితం ఊపుతున్నారు. జవాబు కూడా అక్కడివాళ్ళ చేత టైపు చేయించి పంపేశారట. నాకు గొంతులో జిలేబీ అడ్డం పడింది. ఈలోగా అమ్మ ఆ కాగితం తీసుకుని చదివింది.

"లేత ఆకుపచ్చ, తెల్లపూలు, కాలవ వైపు కిటికీ..." అని ఆగి, నా వైపు ఓరగా చూసి, "ఏవండీ, ఈ పెంటపాడావిడ రోజూ మనింట్లోనే అన్నం తింటోంది" అంది.

షెడ్డంతా నవ్వులే. నాన్న ముఖం కాస్త వాడినా, వెంటనే తేరుకున్నారు. "పోనీలెండి, దారి తెరుచుకుందని తెలిసిందిగా" అని ఇంకో జిలేబీ అందుకున్నారు.

ఆ తర్వాత నిజమైనవి రావడం మొదలైంది. మొదట్లో వచ్చినవి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. ఒకరికి కారులో కాళ్ళ కింద వేసుకునే మ్యాట్లు కావాలి. కామవరపుకోట నుంచి ఒక రైతు ఫోన్ చేసి మొక్కజొన్న ఆరబోసుకోవడానికి పెద్ద పట్టా ఉందా అన్నారు. నాన్న విసుక్కోలేదు. టార్పాలిన్లు ఏలూరులో ఏ వీధిలో దొరుకుతాయో, ఎలాంటిది తీసుకోవాలో ఓపిగ్గా చెప్పారు. కొన్నాళ్ళకి ఆ రైతు పేరు చెప్పుకుని ఆ ఊరి టీచరుగారొకాయన కొట్టుకి వచ్చి, కూతురి పెళ్ళికని తివాచీ పురమాయించి వెళ్ళారు.

రాతపూర్వకంగా వచ్చినవాటికి నాన్న చెబుతుంటే నేను ఇంగ్లీషులో టైపు చేసేదాన్ని. ఆయన "తమరి ఉత్తరం అందినందుకు మిక్కిలి సంతోషం. తమరూ, ఇంట్లో అందరూ క్షేమమని తలుస్తాము" అని మొదలుపెట్టేవారు. నేను అదంతా కోసేసి కొలతలు, రంగులు మాత్రం పంపేదాన్ని. ఒకసారి తొందరలో కోయడం కుదరక ఉన్నదున్నట్టు వెళ్ళిపోయింది. అది అందుకున్న బెంగుళూరాయన తిరిగి రాశాడు: మోకాలి ఆపరేషన్ అయిందనీ, ఇప్పుడు బాగానే నడుస్తున్నాననీ, వ్యాపారం ఉత్తరంలో తన క్షేమం అడిగింది మీరేననీ. తివాచీ కూడా కావాలన్నాడు.  నాన్న మీసం సర్దుకున్నారు. నేను కోయడం మానేశాను.

ఇలా ఉండగా ఒకరోజు నాన్న బయటికెళ్ళినప్పుడు ఫోన్ మోగితే అమ్మ తీసింది. ఆకివీడు నుంచి ఒక చేపల చెరువుల యజమాని. కొత్తగా ఇల్లు కట్టారట. వాళ్ళమ్మాయి నెట్‌లో మా సైట్ చూపించిందట.

"హాలు మధ్యలోకి కావాలండీ. అందులో చేప ఉండాలండీ. మామూలు చేప కాదండీ, శీలావతి."

"వేస్తామండీ" అనేసింది అమ్మ, తడుముకోకుండా.

నాన్న వచ్చి విని నెత్తి పట్టుకున్నారు. "మా తాతల కాలం నుంచీ పువ్వులూ తీగలే నేశాం. చేపేంటి?"

"చేపలు పెంచి ఇల్లు కట్టుకున్నాయన హాల్లో మన గులాబీలెందుకండీ?"

నాన్న గళ్ళ కాగితాల కట్ట తెచ్చి అమ్మ ముందు పెట్టారు.

అమ్మ బజారు నుంచి శీలావతిని తెప్పించి, పళ్ళెంలో పెట్టుకుని గీయడం మొదలుపెట్టింది. గళ్ళ కాగితం మీద పువ్వు రేకు వంపు తిప్పినంత తేలిక కాదు చేప పొలుసులు. చెరిపి గీసి, గీసి చెరిపి, కాగితం చిల్లు పడింది. చివరికి కుదిరిందనుకున్నాక నాన్న వచ్చి తల పక్కకి వంచి చూశారు.

"బాగుంది. కానీ ఇది కూరలోకి కొన్న చేప. ఆయనకి కావాల్సింది బతికున్నది."

అన్నది ఆయనే కాబట్టి తీసుకెళ్ళాల్సిందీ ఆయనే. ఆదివారం ముగ్గురం ఆకివీడు వెళ్ళాం. చెరువు గట్టు మీద ఐసు పెట్టెలతో లారీ, నీళ్ళలో నడుములోతున దిగి వల లాగుతున్న మనుషులు. వల దగ్గరికి వచ్చేకొద్దీ నీళ్ళు ఉడుకుతున్నట్టు కదిలాయి. ఒక్కసారిగా చేపలు ఎగిరి పడ్డాయి. అమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని గట్టు అంచుదాకా వెళ్ళిపోయింది.

"చూశారా, పొలుసు అంచున ఎరుపుంది! పళ్ళెంలో అది కనిపించలేదు."

 నాన్న ఎగిరే చేపల్నే చూస్తున్నారు. ఇంటికొచ్చాక ఉన్నికి రంగులు తానే కలుపుతానన్నారు. బూడిద రంగు, వెండి తెలుపు, పొలుసు అంచుకి ఇటుక ఎరుపు. ఎరుపు నచ్చక మళ్ళీ మళ్ళీ అద్దారు. మగ్గం మీద చేప తోక దగ్గర్నుంచి పైకి లేస్తుంటే, పేటలోని వాళ్ళు ఏదో వంక పెట్టుకుని వచ్చి చూసిపోయేవారు.

నేత పూర్తయి, కత్తెరతో సమం చేశాక ఫొటో తీసి సైట్‌లో పెట్టాను. పక్కన, "మీకు ఇష్టమైన బొమ్మ చెప్పండి, నేసిస్తాం" అని రాశాను. మా పూల తివాచీలన్నీ కలిసి తీసుకురాలేనన్ని పలకరింపులు ఆ ఒక్క చేప తెచ్చింది.

తివాచీని చుట్ట చుట్టి వ్యానులో వేసుకుని ఆకివీడు వెళ్ళాం. హాల్లో పరవగానే ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడ్డారు. ఎవరూ కాలు పెట్టలేదు. పిల్లల్ని వెనక్కి లాగారు. యజమాని కళ్ళు తుడుచుకుని, "తొక్కడానికి మనసొప్పట్లేదండీ, ఆయ్. గోడకి కట్టిస్తానండీ" అన్నారు.

నాన్న కంగారుపడిపోయారు. "అయ్యయ్యో, తొక్కడానికే నేశామండీ! తొక్కేకొద్దీ మెత్తబడుతుంది, మెరుపొస్తుంది" అని, వెళ్ళి చేప పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. "రండి, కూర్చోండి."

ఆయన సందేహిస్తూనే వచ్చి ఎదురుగా కూర్చున్నారు. చేత్తో చేప వీపు నిమిరి, "ఎదురు నిమిరితే రంగు మారుతోందండీ! నీళ్ళలోనూ ఇంతే" అని పొంగిపోయారు. ఆ తర్వాత పిల్లల్ని ఆపడం ఎవరి తరం కాలేదు. మాకు భోజనం పెట్టకుండా పంపలేదు. ఏ కూరో చెప్పక్కర్లేదు.

తిరిగొచ్చేటప్పుడు వ్యానులో నాన్న కునుకు తీస్తుంటే ఫోన్ మోగింది. అమ్మ తీసింది.

"చెప్పండీ... అవునండీ, ఏలూరేనండీ. వెబ్‌సైట్‌లో చూశారాండీ? ఏనుగాండీ?" అని ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి నాన్న వైపు తిరిగింది.

నాన్న కళ్ళు తెరవకుండానే, "తొండం పైకెత్తాలో, దించాలో కనుక్కో" అన్నారు.

ఆ ఏడు తిరిగేలోపల ఖాళీ మగ్గాలకి పడుగు ఎక్కింది. అమ్మ గళ్ళ కాగితాల మీద ఏనుగులు, కుక్కపిల్లలు, ఒకరింటి పాత అంబాసిడర్ కారు కూడా చేరాయి. నాన్న పూల తివాచీలు నేయించడం మానలేదు. వాటిని అడిగేవాళ్ళూ పెరిగారు. చేపని చూడ్డానికి వచ్చినవాళ్ళు పక్కనున్న పూలని చూడకుండా వెళతారా? నేను పెళ్ళయి ఊరు మారేదాకా ఆ సైట్ పని నాదే. తర్వాత షెడ్డులో నేసే ఒకావిడ కూతురికి నేర్పించి వచ్చాను. ఎప్పుడు ఇంటికి ఫోన్ చేసినా, మొదట క్షేమం అడిగి, రెండో మాటగా నాన్న అనేది ఒకటే: "ఇవాళ వచ్చినవాటికి ఇవాళే జవాబిచ్చేశామమ్మా."